ప్రపత్తి — ఉపసర్గల మహిమ

వీరులపాడు అను గ్రామనామము తుదనున్న 'పాడు' అను మాటకు ఊరు అని అర్థము. అదే మాట విడిగా నిలిచినచో శిథిలమైనదని, చెడినదని భావము. చేరిన చోటును బట్టి మాటకు అర్థము మారును. సంస్కృతమున పదమునకు ముందు చేరు ప్ర, వి, అను, ప్రతి మొదలగు ఇరువదిరెండు ఉపసర్గలును అర్థమును మార్చునట్టివే.

'పద్' అను ధాతువునకు పోవుట అని అర్థము. దానిపై 'తి' ప్రత్యయము చేరగా 'పత్తి' యగును. ముందు 'ఉత్' చేరిన ఉత్పత్తి, 'సమ్' చేరిన సంపత్తి, 'వి' చేరిన విపత్తి; 'ప్ర' చేరిన ప్రపత్తి, అనగా భగవంతుని శరణు జొచ్చుట. శ్రీమద్రామానుజులు శరణాగతిగద్యమున ఆచరించి చూపినది ఈ ప్రపత్తినే.

ఈ శరణాగతికి పెద్దలు చెప్పిన అంగములు ఆరు. ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము వానిలో మొదటి రెండు. 'కూలము' అనగా ఏటిగట్టు. గట్టు వెంబడి సాగునది అనుకూలము. గట్టున కెదురుగా పోవునది ప్రతికూలము. వీరులపాడు ప్రాంతమువారు వేదాద్రి నరసింహస్వామిని సేవింప నేగి కృష్ణలో స్నానమాడునపుడు ఈ భేదమును కన్నులారా చూడవచ్చును. గట్టు ఒక్కటియే, నడక వేరు.

విపత్తికిని ప్రపత్తికిని ధాతువు ఒక్కటియే. మొసలి నోట చిక్కిన గజేంద్రునకు విపత్తియే ప్రపత్తికి దారి యయ్యెను. ఆపద వచ్చినపుడు భక్తుడు స్మరింపవలసిన పాఠ మిదియే.