దేహసంధులు

వ్యాకరణంలో సంధి అనగా రెండు స్వరాల కలయిక. దేహంలో సంధి అనగా రెండు ఎముకల కలయిక. దానినే కీలు అంటాము. ఎముకల కొనలను నునుపైన మృదులాస్థి కప్పి ఉంటుంది. వాటి నడుమ ఉండే సంధిద్రవం బండి ఇరుసుకు కందెన వలె పనిచేస్తుంది.

వయసుతో పాటు మృదులాస్థి అరిగినపుడు కలిగే వ్యాధి ఆస్టియో ఆర్థరైటిస్. ఉదయం లేవగానే మోకాలు పట్టివేస్తుంది. సాధారణంగా అరగంటలోపే ఆ పట్టు సడలుతుంది. అట్లుగాక పట్టు గంటకు మించి నిలిచి, చేతివేళ్ల కీళ్లు వాచినట్లయితే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. ఇందులో శరీర రక్షణవ్యవస్థయే సొంత కీళ్లపై దాడి చేస్తుంది. ఇది యువతులకు సైతం వస్తుంది. ఉపేక్షిస్తే వేళ్లు వంకరపోతాయి. తొలిదశలోనే చికిత్స ఆరంభిస్తే ఆ వైకల్యాన్ని చాలావరకు నివారించవచ్చు.

నొప్పికి వెరచి కదలిక మానితే కండరాలు క్షీణిస్తాయి. కీలుపై భారం పెరిగి నొప్పి ఇనుమడిస్తుంది. ఈ విషవలయాన్ని ఛేదించేది మితమైన వ్యాయామమే. కుర్చీలో కూర్చుండి కాలు చాచి, 5 సెకన్లు నిలిపి దించటం తొడ కండరాలకు బలమిస్తుంది. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గితే, నడకలో ప్రతి అడుగుకు మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. వైద్యుని సలహా లేక నిత్యం నొప్పిమాత్రలు మింగటం జీర్ణాశయానికి, మూత్రపిండాలకు హానికరం.

గోడ పట్టుకొని లేస్తూ "వయసు మీదపడింది నాయనా!" అని అమ్మమ్మలు సరిపెట్టుకొంటారు. విద్యార్థులారా! ఆ మాట విన్నప్పుడు "పొద్దున ఆ పట్టు ఎంతసేపు ఉంటోంది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న సరైన వైద్యానికి దారి చూపగలదు.