పాతకారు పొగగొట్టమున గాలి–పెట్రోలు కొలత

విద్యార్థులారా, కట్టెలపొయ్యిని మీరందరు చూచియే యుందురు. గాలి చాలనిచో పొయ్యి పొగలు చిమ్మును. ఊదుగొట్టముతో మితిమీరి యూదినచో చిన్న మంట ఆరిపోవును. మోటారుకారు ఇంజనులోని మంటయు నిట్టిదే.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువునుబట్టి 14.7 పాళ్లు గాలి కావలెను. గాలి తగ్గినచో మిశ్రమము చిక్కనగును. పెట్రోలు వ్యర్థమగును, మసి పట్టును, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు హెచ్చును. గాలి హెచ్చినచో మిశ్రమము పలుచనగును. ఇంజను తడబడును, బరువు లాగునపుడు వేడెక్కి వాల్వులు చెడవచ్చును.

మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి హిందుస్థాన్ మోటార్సు వారు 2014 వరకు నిర్మించిన అంబాసిడరును మీరెరుగుదురు. పాత అంబాసిడర్లలో ఈ మిశ్రమమును కార్బురేటరు కూర్చును. అది సరిగా నున్నదో లేదో తనంతట తెలిసికొనజాలదు. నేడు దీనివలన నొక చిక్కు కలిగినది. 2025 నాటికి మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు అంతటను వ్యాపించినది. ఇథనాలునకు 9 పాళ్లు గాలియే చాలును గాన, ఈ కలుపునకు సుమారు 13.5 పాళ్లు సరిపోవును. 14.7 పాళ్లకు దిద్దిన కార్బురేటరు వెనుకటివలెనే గాలి నిచ్చుటచే మిశ్రమము నూటికి సుమారు 9 వంతులు పలుచనగును. తాతగారి కారును కాపాడుకొనదలచినవారు ముందుగా దీనిని కొలువవలెను.

సాధనము. దీనిని ఆక్సిజన్ సెన్సారు అందురు. బోష్ వారు నిర్మింపగా 1976లో వోల్వో కార్లలో మొదట అమర్చబడినది. ఇందలి జిర్కోనియా పింగాణికి ఒకవైపు పొగయు, మరియొకవైపు బయటిగాలియు తగులును. రెండువైపుల ఆమ్లజనిలోని భేదమునుబట్టి విద్యుత్తు పుట్టును. ఇది పనిచేయుటకు 300 డిగ్రీలకు మించిన వేడి కావలెను గాన లోపల హీటరుండును. సామాన్యమైన సెన్సారు చిక్కనో పలుచనో మాత్రమే చెప్పును. ఎంత యని చెప్పుటకు వైడ్‌బ్యాండు సెన్సారు వలయును.

అమర్చు విధము.

1. ముందుగా ఎయిరు ఫిల్టరును శుభ్రపరుపవలెను. మన చీమకుర్తి రాతిగనుల దుమ్ముతో అది పూడినచో మిశ్రమము చిక్కనై, కొలత మోసపుచ్చును.

2. సిలిండర్ల గొట్టములు కలిసిన పిమ్మట, సైలెన్సరునకు ముందు, పొగగొట్టమునకు రంధ్రము చేసి, 18 మిల్లీమీటర్ల మరలుగల ఉక్కు బుష్షును వెల్డింగు చేయింపవలెను. అప్పుడు బ్యాటరీ తీగలు ఊడదీసి యుంచవలెను.

3. సెన్సారు కొన క్రిందికి వాలియుండవలెను. అడ్డముగా నున్నచో నీరు నిలిచి పింగాణి పగులును.

4. దానికి ముందున్న అతుకులలో గాలి దూరరాదు; దూరినచో లేని పలుచదనము కనబడును.

5. కొన్ని పాత ఇంగ్లీషు నమూనా కార్లలో బ్యాటరీ ధనధ్రువము బాడీకి కలుపబడియుండును. తీగలు కలుపుటకు ముందు దానిని పరీక్షింపవలెను.

6. ఇంజను నడచుచుండగా సెన్సారునకు విద్యుత్తు లేకుండనీయరాదు. మసి పట్టి చెడును.

సీసము కలిసిన పెట్రోలు సెన్సారును పాడుచేయును. మన దేశమున 2000 సంవత్సరమున అది నిలుపబడుటచే ఆ భయము లేదు.

చదువు విధము. మీటరును లాంబ్డా అంకెలలో చదువుడు. ఏ పెట్రోలుకైనను 1.00 అనగా సరిసమానము. అంతకు మించినచో పలుచన, తగ్గినచో చిక్కన. తిన్నగా పోవునపుడు 1.00 దరిని, బరువు లాగునపుడు 0.85 మొదలు 0.90 వరకును ఉండుట మేలు. పలుచన కనబడినచో మెకానిక్కుచే జెట్టునో సూదినో దిద్దించి, మరల కొలువవలెను.

మూసిన షెడ్డులో ఇంజను నడుపుట ప్రాణాపాయము, ఎన్నడును చేయకుడు. అనుభవముగల మెకానిక్కు చెవి గొప్పదే. అయినను పలుచని మిశ్రమము చప్పుడు చేయక పూర్వమే హాని చేయగలదు. చెవికి అందని దానిని అంకె తెలుపును. ఆ అంకెనుబట్టి దిద్దు నేర్పు మాత్రము మనుష్యునిదే.