మొదటి బండి – కాళ్ళు నేలకు ఆనాలి



పంట డబ్బు చేతికి రాగానే, లేక అబ్బాయి ఇంటర్ పాసవగానే, చాలా ఇళ్ళలో బండి మాట వస్తుంది. అబ్బాయి బండి అందం చూస్తాడు, తండ్రి మైలేజీ అడుగుతాడు. "ఈ బండిని వీడు ఆపగలడా?" అని మాత్రం ఎవరూ అడగరు. తలకు దెబ్బలతో, విరిగిన కాళ్ళతో వచ్చే యువకులకు చికిత్స చేస్తున్న మేము, ఆ ప్రశ్ననే ముందుగా అడగమని మనవి చేస్తున్నాము.

1. వయసు, లైసెన్సు

గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. ముందుగా ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. అది 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక డ్రైవింగు పరీక్షకు వెళ్ళవచ్చు. అంతవరకు బండికి 'ఎల్' బోర్డు ఉండాలి. లైసెన్సుండి నేర్పించే వ్యక్తిని తప్ప ఎవరినీ వెనుక ఎక్కించుకోరాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేక బండి యజమానికి 3 ఏళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.

2. ఎలాంటి బండి?

కొనేముందు సీటు మీద కూర్చొని చూడండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. మునివేళ్ళు మాత్రమే ఆనితే, గతుకులో ఆపినప్పుడు బండి ఒక పక్కకు ఒరిగి కాలి మీద పడుతుంది.

తరువాత బరువు చూడండి. స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలు, క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. కొత్తవారు ఏదో ఒకరోజు బండిని పడేస్తారు. కాబట్టి తాము ఒంటరిగా లేపగల బండే వారికి తగినది. 100 నుండి 125 సి.సి. బండి చాలు. సెకండ్ హ్యాండ్ బండైతే టైర్ల గాళ్ళు, బ్రేకులు, చైను మెకానిక్‌కు చూపించండి. వెనుక చక్రానికి చీర గార్డు తప్పక ఉండాలి.

3. నేర్చుకొనే క్రమం

ఉదయం పూట ఖాళీ మైదానంలో మొదలుపెట్టండి.

• మొదట ఇంజను ఆపి, బండిని నెట్టుకుంటూ నడవండి. స్టాండు వేయడం, తీయడం నేర్చుకోండి.
• తరువాత క్లచ్ మెల్లగా వదులుతూ ఫస్టు గేరులో పది అడుగులు వెళ్ళి ఆపండి. ఇది చాలాసార్లు చేయండి.
• ఆపడం వచ్చాకే రెండవ గేరు, మలుపులు, '8' ఆకారంలో తిప్పడం.
• రద్దీ రోడ్డు, రాత్రి ప్రయాణం, వెనుక మనిషి – ఇవి అన్నిటికంటే చివర.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని చాలామంది కాలి బ్రేకునే నమ్ముకుంటారు. కానీ ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది గనుక, బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. తిన్నని రోడ్డు మీద రెండు బ్రేకులూ కలిపి, క్రమంగా నొక్కండి. ఇసుక మీద, తడి రోడ్డు మీద, మలుపులో గట్టిగా పట్టకండి, చక్రం జారుతుంది.

4. మన రోడ్లు

రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు, అడ్డం వచ్చే గేదెలు మనకు కొత్త కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. గేదెను చూసి బ్రేకు పట్టేసరికే సుమారు అంత దూరం గడిచిపోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది.

5. హెల్మెట్

ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే, పడినప్పుడు హెల్మెట్ ఒకవైపు, తల ఒకవైపు పోతాయి. వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. విరిగిన కాలు అతుక్కుంటుంది గాని, నలిగిన మెదడును మేము తిరిగి బాగుచేయలేము.

ఇంటిల్లిపాదీ చర్చించండి

1. మన బండి మీద కూర్చుంటే ఎవరెవరి పాదాలు నేలకు ఆనుతున్నాయి?
2. ముందు బ్రేకు ఎప్పుడు గట్టిగా పట్టకూడదు?
3. మన ఇంట్లో ఎంతమంది బండి ఎక్కుతున్నారు? హెల్మెట్లు ఎన్ని ఉన్నాయి?

మూడవ ప్రశ్నకు రెండు జవాబులూ ఒకటి కాకపోతే, ఈ వారమే సరిచేసుకోండి.