ఫోనులో వెండి రూపాయి

సాయమ్మ వయోజన విద్యా కేంద్రంలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. పొదుపు సంఘం పుస్తకంలో సంతకం చేస్తుంది. అంకెలు బాగా వచ్చు.

సాయమ్మ బిడ్డకు పెళ్ళి కుదిరింది. సాయమ్మ పెళ్ళప్పుడు వాళ్ళ అమ్మ రెండు వెండి రూపాయలు ఇచ్చింది. వాటి మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంటుంది. “నా బిడ్డకు నేను ఐదైనా ఇవ్వాలి” అని సాయమ్మ ఆశ.

ఒక రోజు కొడుకు ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. “పాత వెండి రూపాయలు. ఐదింటికి 2,000 రూపాయలే. ఈ రోజే ఆఖరు!” అని ఉంది. బొమ్మలో బిళ్ళలు తళతళ మెరుస్తున్నాయి. సాయమ్మ ఆగలేదు. సంఘంలో దాచుకున్న డబ్బు తీసి కట్టింది. నాలుగు రోజులకు పెట్టె వచ్చింది.

పక్కింటి యాదమ్మ చూడటానికి వచ్చింది.

“ఏం వదినా, ఇవి కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి?”

“వెండి కదా, మెరవదా?”

“మీ అమ్మ ఇచ్చినవీ వెండివే కదా! అవీ తీసుకురా, పక్కన పెట్టి చూద్దాం.”

సాయమ్మ పెట్టెలోంచి పాత రూపాయలు తెచ్చింది. అవి కొంచెం నల్లబడి ఉన్నాయి. వాటి మీద 1892 అని ఉంది. కొత్తగా వచ్చిన వాటి మీద 1911 అని ఉంది. అన్నిటి మీదా రాణి బొమ్మే ఉంది. చేతిలో పట్టుకుంటే మాత్రం కొత్తవి తేలికగా అనిపించాయి.

ఇద్దరూ కంసాలి ఆచారి దగ్గరికి వెళ్ళారు. ఆచారి ముందు సంవత్సరం చూశాడు. నవ్వాడు.

“అమ్మా, విక్టోరియా రాణి 1901లోనే చనిపోయింది. 1911 రూపాయి మీద ఆమె మనుమడు ఐదో జార్జి రాజు బొమ్మ ఉండాలి. రాణి ఎట్లా వస్తుంది?”

తర్వాత తూకం వేశాడు. అమ్మ ఇచ్చిన రూపాయి 11 గ్రాముల 500 మిల్లీగ్రాములు తూగింది. కొత్తది 9 గ్రాముల 600 మిల్లీగ్రాములే తూగింది.

“ఇది ఇత్తడి బిళ్ళ. పైన వెండి పూత పూశారు” అన్నాడు ఆచారి.

యాదమ్మ ఫోను తీసి ఆ ప్రకటన మళ్ళీ చూసింది. చాలా కింద, చిన్న అక్షరాలతో “సిల్వర్ ప్లేటెడ్” అని ఉంది. అంటే వెండి పూత అని అర్థం. పెద్ద అక్షరాలు “వెండి” అన్నాయి. చిన్న అక్షరాలు నిజం చెప్పాయి. సాయమ్మ పెద్ద అక్షరాలే చదివింది.

తూకం ఎందుకు నిజం చెబుతుంది?

ఇంగ్లీషు వాళ్ళ కాలంలో వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు. పాత లెక్కలో తులం అంటే ఇదే. ఇప్పుడు చాలా దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వెండి బరువైన లోహం. ఇత్తడి, ఇనుము దాని కంటే తేలిక. రూపాయి అంత వెడల్పు, అంత మందంతో ఇత్తడి బిళ్ళ చేస్తే అది సుమారు 9న్నర గ్రాములే తూగుతుంది. తూకం సరిపోవాలంటే బిళ్ళను మందంగా చేయాలి. అప్పుడు మందం మోసాన్ని పట్టిస్తుంది. అందుకే తూకం, వెడల్పు, మందం మూడూ కలిపి చూడాలి. రూపాయి వెడల్పు 3 సెంటీమీటర్ల కంటే కొంచెం ఎక్కువ. ఇంట్లో నమ్మకమైన పాత రూపాయి ఉంటే దాని పక్కన పెట్టి చూడటం అన్నిటికన్నా తేలిక.

చేతులు మారి మారి అరిగిన రూపాయి కొంచెం తక్కువ తూగుతుంది. కానీ ఒక గ్రాము, రెండు గ్రాములు తగ్గితే అనుమానించాలి.

హైదరాబాదు రాజ్యంలో నిజాం రూపాయి వేరు. ఏడో నిజాం కాలపు రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉంటుంది. దాని తూకం సుమారు 11 గ్రాములు.

సంవత్సరం ఏం చెబుతుంది?

బిళ్ళ మీది అంకెలు చదవండి. బొమ్మతో సరిపోయాయో లేదో చూడండి.

1862 నుండి 1901 వరకు విక్టోరియా రాణి బొమ్మ. 1840 నాటి కంపెనీ రూపాయి మీద కూడా ఈమె బొమ్మే ఉంది.

1903 నుండి 1910 వరకు ఏడో ఎడ్వర్డు రాజు బొమ్మ.

1911 తర్వాత ఐదో జార్జి రాజు బొమ్మ.

వీళ్ళ ముగ్గురి కాలంలో రూపాయిలో వందకు దాదాపు 92 పాళ్ళు వెండి ఉండేది.

1940 నుండి 1945 వరకు ఆరో జార్జి రాజు రూపాయిలో సగమే వెండి. 1947 రూపాయిలో వెండి అసలు లేదు. అది నికెలు. అది అయస్కాంతానికి అతుక్కుంటుంది.

ఇంకో మోసం ఉంది. రాముడు, హనుమంతుడు, లక్ష్మీదేవి బొమ్మలు వేసి, వెనక “ఈస్ట్ ఇండియా కంపెనీ 1818” అని రాసిన బిళ్ళలు అమ్ముతుంటారు. కంపెనీ అలాంటి నాణేలు వేయనే లేదు. అవన్నీ తర్వాత చేసినవే.

ధర ఏం చెబుతుంది?

ఒక రాణి రూపాయిలో 10న్నర గ్రాముల పైన వెండి ఉంటుంది. ఐదు రూపాయల్లో 53 గ్రాముల పైన ఉంటుంది. లెక్క తేలిక కావడానికి గ్రాము వెండి 100 రూపాయలు అనుకుందాం. 53 గ్రాములకు 5,300 రూపాయలు అవుతుంది. అంత వెండిని 2,000 రూపాయలకు ఎవరిస్తారు? ఎవరూ నష్టానికి అమ్మరు.

వెండి ధర రోజూ మారుతుంది. కొనే రోజు గ్రాము ధర ఎంతో అడగండి. పైన చేసినట్టే లెక్క వేయండి. లెక్క కంటే బాగా తక్కువకు ఇస్తామంటే అది వెండి కాదు.

కొనే ముందు

1. చివరి దాకా చదవండి. “వెండి పూత”, “సిల్వర్ ప్లేటెడ్”, “జర్మన్ సిల్వర్”, “రెప్లికా” అనే మాటలు ఉంటే కొనవద్దు. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. అది రాగి, నికెలు, జింకు కలిపిన లోహం. రెప్లికా అంటే నకలు. ఇంగ్లీషులో ఉంటే తెలిసినవారితో చదివించుకోండి.

2. తూకం ఎంత, వెండి ఎంత అనేది రాసి ఉందో లేదో చూడండి. 999 అంటే వెయ్యి పాళ్ళలో 999 పాళ్ళు వెండి అని అర్థం. అయితే అంకె ఎవరైనా కొట్టగలరు. అంకె ఉన్నా తూకం వేయించాల్సిందే.

3. అమ్మేవారి పేరు, చిరునామా, సరుకు వాపసు తీసుకునే గడువు చూడండి. ఇవి లేని చోట కొనవద్దు.

4. ప్రకటనను ఫోనులో ఫోటో తీసి దాచండి. తర్వాత వాళ్ళు దాన్ని తీసేయవచ్చు.

5. “ఈ రోజే ఆఖరు” అంటే తొందరపడవద్దు. తొందరపెట్టడమే మోసగాళ్ళ పని.

పెట్టె వచ్చాక

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయించండి. బిళ్ళను అయస్కాంతం దగ్గర పెట్టండి. అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోకపోయినా నమ్మవద్దు. రాగి, ఇత్తడి కూడా అతుక్కోవు.

అంచు చూడండి. అసలు రూపాయి అంచున సన్నని గీతలు వరసగా ఉంటాయి. పోత పోసిన నకిలీ మీద చిన్న చిన్న గుంటలు ఉండవచ్చు. అంచు చుట్టూ అతుకు కనిపించవచ్చు. పూత బిళ్ళ అయితే ఎత్తుగా ఉన్న చోట అరిగి ఎరుపు, పసుపు రంగు బయటపడుతుంది.

తర్వాత తూకం వేయించండి. ఆ తర్వాతే గీటురాయి పరీక్ష. బిళ్ళను ముందే గీకితే అమ్మినవారు వాపసు తీసుకోరు.

వెండి నగలు, వస్తువుల మీద ఆరు అక్షరాలు, అంకెల గుర్తు వేసే పద్ధతి 2025 సెప్టెంబరు 1న మొదలైంది. అప్పుడు దాన్ని తప్పనిసరి చేయలేదు. గుర్తు ఉంటే “బీఐఎస్ కేర్” యాప్‌లో సరిచూడవచ్చు. పాత రూపాయల మీద ఈ గుర్తు ఉండదు.

ఎవరికి చెప్పాలి?

సాయమ్మ ఏడ్చి ఊరుకోలేదు. వాపసు గడువు ఏడు రోజులు. మూడో రోజే బిళ్ళలు తిరిగి పంపింది. ఫోటో, తూకం చీటీ కూడా చూపింది. అమ్మినవాడు మొదట ఒప్పుకోలేదు. “పూత అని రాశాం కదా” అన్నాడు. “పైన వెండి అని ఎందుకు రాశారు?” అని సాయమ్మ అడిగింది. 1915 నంబరుకు ఫోను చేసింది. అది వినియోగదారుల సహాయ నంబరు. తర్వాత డబ్బు తిరిగి వచ్చింది.

2020 నాటి నియమాల ప్రకారం ఫోనులో అమ్మే సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి. నెల లోపు పరిష్కరించాలి.

డబ్బు కట్టించుకుని మాయమైతే వెంటనే 1930 నంబరుకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు.

“మీ పాత నాణెం లక్షలకు కొంటాం, ముందు పన్ను కట్టండి” అని కూడా ఫోన్లు వస్తాయి. రిజర్వు బ్యాంకు పేరు చెబుతారు. రిజర్వు బ్యాంకు ఇలాంటి పని చేయదు. ఈ సంగతి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలకు చెప్పింది. పైసా కూడా కట్టవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

కొత్త మాటలు

నకిలీ – అసలుది కానిది
పూత – పైన పూసిన పొర
గీటురాయి – లోహాన్ని గీసి పరీక్షించే నల్లరాయి
గడువు – ఇచ్చిన సమయం

ఆలోచించండి, చెప్పండి

1. సాయమ్మ కొన్న రూపాయల మీద సంవత్సరం ఎంత? అందులో తప్పేమిటి?
2. అయస్కాంతానికి అతుక్కోకపోతే అది వెండేనా? ఎందుకు?
3. గ్రాము వెండి 120 రూపాయలు అనుకోండి. 10 గ్రాముల లక్ష్మీ బిళ్ళ 400 రూపాయలకు ఇస్తామన్నారు. మీరు కొంటారా? లెక్క వేసి చెప్పండి.
4. 1915, 1930 నంబర్లు ఎందుకు? రెండింటినీ మీ ఇంటి గోడ మీద పెద్ద అంకెలతో రాయండి.