ఇచ్చే చేయి ఒకచోట, పనిచేసే చేయి ఇంకోచోట: దానం గురించి ఒక పాఠం

దానం మీద మనం చేసుకుంటున్న పాఠాల్లో ఈసారిది కొంచెం వేరుగా ఉంటుంది.

గీత పదిహేడో అధ్యాయంలో సాత్విక దానం గురించి చెప్పేటప్పుడు మూడు మాటలు వస్తాయి: దేశం, కాలం, పాత్ర. సరైన చోట, సరైన సమయంలో, తగినవాళ్ళకి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇవ్వాలి అని. వినడానికి తేలికే. కానీ హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో యూపీఐ నొక్కి, మనం ఎప్పుడూ చూడని ఊరికి డబ్బు పంపిస్తే, అక్కడ ఎవరికి ఏం కావాలో ఎవరు తేలుస్తారు? డబ్బు సెకన్లలో వెళ్తుంది. వివేకం అంత తొందరగా వెళ్ళదు కదా.

ఈ ప్రశ్నతో అరవై ఏళ్ళకి పైగా కుస్తీ పడుతున్న ఒక సంస్థని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అది మన సంప్రదాయానిది కాదు. ఇంగ్లండ్, వేల్స్ క్యాథలిక్కుల సేవాసంస్థ, పేరు క్యాఫడ్. "వాళ్ళ సంగతి మనకెందుకు?" అనిపిస్తే, కాస్త ఓపిక పట్టండి, ఆ మాట దగ్గరికీ వస్తాను.

ఒక పూట ఉపవాసంతో మొదలు

ఈస్టర్ పండుగకి ముందు క్రైస్తవులకి నలభై రోజుల ఉపవాస కాలం ఉంటుంది. 1960లో ఆ రోజుల్లో ఇంగ్లండ్ క్యాథలిక్ మహిళా సంఘాలవాళ్ళు ఒక పిలుపు ఇచ్చారు: ఇంటిల్లిపాదీ ఒకరోజు ఉపవాసం ఉండి, మిగిలిన డబ్బు ఇవ్వండి అని. ఆ డబ్బు కరీబియన్ సముద్రంలోని డొమినికా దీవిలో తల్లీబిడ్డల ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. రెండేళ్ళకి, 1962లో, ఇంగ్లండ్, వేల్స్ బిషప్పులు క్యాఫడ్‌ని అధికారికంగా స్థాపించారు.

ఏకాదశి ఉపవాసాలు చూస్తూ పెరిగిన మనకి ఇందులో ఉపవాసం కొత్తేమీ కాదు. గమనించాల్సింది వేరే ఉంది. ఆ ఆరోగ్య కేంద్రం కావాలని అడిగింది డొమినికా ప్రజలు. అడిగినవాళ్ళు అక్కడివాళ్ళు, ఇచ్చినవాళ్ళు ఇక్కడివాళ్ళు. ఆ వరస ఇప్పటికీ క్యాఫడ్ పనికి పునాది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అమెరికాలో 1943లో మొదలైన సీఆర్ఎస్, ఐర్లండ్‌లో 1973లో మొదలైన ట్రోకర, మన దేశంలో 1962 నుంచి ఉన్న కారితాస్ ఇండియా. ఇవన్నీ కారితాస్ ఇంటర్నేషనలిస్ అనే గొడుగు కింద ఉన్న 160కి పైగా సంస్థల్లో కొన్ని. ఇవి ఒకే కంపెనీకి బ్రాంచి ఆఫీసుల్లాంటివి కావు. ప్రతిదానికీ సొంత నిర్వహణ, సొంత లెక్కలు ఉంటాయి.

పని ఎలా నడుస్తుంది?

మొదట స్థానిక సంస్థ తన ఊరి అవసరం ఏంటో రాసి పంపిస్తుంది. డబ్బిచ్చే సంస్థ వాళ్ళ లెక్కలు, నిర్వహణ, పిల్లలకీ బలహీనులకీ హాని జరగకుండా పెట్టుకున్న నియమాలు చూస్తుంది. తర్వాత ఒప్పందం, బడ్జెట్. డబ్బు సాధారణంగా విడతలుగా వెళ్తుంది. రిపోర్టులు, ఆడిట్లు, ఊరికి వెళ్ళి చూడడం ఉంటాయి. లెక్కలు రాయడం, సిబ్బందికి శిక్షణ లాంటి వాటిలో తోడ్పాటు కూడా ఉంటుంది.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. 1931లో పోప్ పదకొండో పయస్ రాసిన ఒక లేఖ దాన్ని స్పష్టంగా చెప్పింది: కింది స్థాయివాళ్ళు చేసుకోగలిగిన పనిని పై స్థాయివాళ్ళు లాక్కోకూడదు, చేతనైతే వాళ్ళకి ఆసరా ఇవ్వాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, ఆ సిస్టమ్‌ని రోజూ చూసే ఇంజనీర్‌కి నిర్ణయాధికారం ఉండాలి. ఎక్కడో ఉన్న మేనేజర్ అప్రూవల్ కోసం ఆగితే ఉన్న నష్టం రెట్టింపు అవుతుంది.

సియెర్రా లియోన్: అంత్యక్రియల సమస్య

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చింది. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో కలిపి 11 వేల మందికి పైగా పోయారు. చనిపోయినవాళ్ళ శరీరంలో వైరస్ ఇంకా బతికే ఉంటుంది. కానీ అక్కడ శవానికి స్నానం చేయించి, ముట్టుకుని సాగనంపడం ఆచారం. కొత్త కేసుల్లో కనీసం 20 శాతం అంత్యక్రియల దగ్గరే అంటుకుంటున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మొదట్లో ఏం చేశారంటే, ముఖం కూడా కనపడని రక్షణ సూట్లలో మనుషులు వచ్చి, శవాన్ని సంచిలో పెట్టి తీసుకెళ్ళిపోయేవారు. ప్రార్థన లేదు, అయినవాళ్ళకి కడసారి చూపు లేదు. వైద్యపరంగా తప్పు లేని పద్ధతే. కానీ జనం చావుల్ని దాచిపెట్టడం మొదలుపెట్టారు. రాత్రిళ్ళు రహస్యంగా పూడ్చేవారు. దాంతో జబ్బు ఇంకా పాకింది.

ఒక్కసారి మన ఇంట్లో ఊహించుకోండి. తండ్రికి మంత్రం లేకుండా, కొడుకు చేతి నీళ్ళు లేకుండా తీసుకెళ్తామంటే మనం మాత్రం ఒప్పుకుంటామా?

2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పద్ధతి ప్రకటించింది. దాన్ని తయారు చేయడంలో రెడ్‌క్రాస్‌తో పాటు కారితాస్ ఇంటర్నేషనలిస్, ఇస్లామిక్ రిలీఫ్ లాంటి మత సేవాసంస్థలూ పాలుపంచుకున్నాయి. శవాన్ని ముట్టుకోకుండానే ప్రార్థన చేయొచ్చు. ముస్లింలకి నీళ్ళ స్నానం బదులు నీరు వాడని శుద్ధి, తెల్లటి కఫన్ వస్త్రం. కుటుంబం కళ్ళెదుటే ఖననం. సియెర్రా లియోన్‌లో క్యాఫడ్, సీఆర్ఎస్, వరల్డ్ విజన్ ఒక కూటమిగా ఏర్పడి ఇలాంటి ఖననాలు నడిపించాయి. ఆ దేశంలో ఎక్కువమంది ముస్లింలు. ఇమాములు, పాస్టర్లు ముందుండి చెబితేనే జనం నమ్మారు. సూట్లు, వాహనాలు బయటి డబ్బుతో వస్తాయి. ఆ నమ్మకం మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నవాళ్ళ దగ్గరే దొరుకుతుంది.

"మతం మార్చడానికేగా?"

ఈ ప్రశ్న మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. 1994లో రెడ్‌క్రాస్, సేవాసంస్థలు కలిసి ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. సాయం అవసరాన్ని బట్టే ఉండాలి, మతాన్ని బట్టి ఉండకూడదు. సాయాన్ని రాజకీయ, మత ప్రచారానికి వాడకూడదు. దీన్ని ముందుకు తెచ్చినవాళ్ళలో కారితాస్, సీఆర్ఎస్ కూడా ఉన్నాయి. కాగితం మీద నియమం ఉంటే ప్రతి ఊళ్ళో అమలవుతుందని నేను అనను. అమలవుతోందా అని అడగాల్సిందే, ఎవరినైనా. కానీ అడగకుండానే తీర్పు ఇచ్చేయడం కూడా ధర్మం కాదు. ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజస దానం అని గీత చెప్పిన కొలత వాళ్ళకీ వర్తిస్తుంది, మనకీ వర్తిస్తుంది.

ఇంకా తేలని చోటు

"భాగస్వామి" అని పిలిచి, అన్నీ లండన్‌లోనో జెనీవాలోనో తేల్చేస్తే వాళ్ళు ఉత్త కాంట్రాక్టర్లు అయిపోతారు. పైగా విపత్తు రాగానే పెద్ద సంస్థలు ఎక్కువ జీతం ఆశ చూపి స్థానిక సంస్థల మంచి ఉద్యోగుల్ని లాగేసుకుంటాయి. అందుకే 2015లో క్యాఫడ్ లాంటి కొన్ని సంస్థలు చార్టర్ ఫర్ చేంజ్ అనే ఒప్పందం చేసుకున్నాయి. అలా మనిషిని తీసుకుంటే స్థానిక సంస్థకి పరిహారం ఇవ్వాలని కూడా అందులో ఉంది. 2016లో పెద్ద దాతలు, సంస్థలు కలిసి, 2020కల్లా 25 శాతం సాయం వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకి చేరాలని లక్ష్యం పెట్టుకున్నారు. ప్రపంచం మొత్తం మీద ఆ లక్ష్యం నెరవేరలేదు. మాట ఇవ్వడం కంటే పెత్తనం వదులుకోవడం కష్టం అన్నమాట.

మన దేశంలో ఇంకో సంగతి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని సవరించాక, విదేశీ నిధులు అందుకున్న సంస్థ ఆ డబ్బుని మరో సంస్థకి బదిలీ చేయకూడదు. అంటే పెద్ద సంస్థ తీసుకుని ఊళ్ళోని చిన్న సంస్థకి అందించే దారి ఇక్కడ మూసుకుపోయింది. నిఘా కోసం అని ప్రభుత్వం, చిన్న సంస్థలు దెబ్బతింటాయని సేవాసంస్థలు అంటున్నాయి.

ఈ వారం సాధన

ఈసారి అన్నదానానికైనా, వరద సాయానికైనా, గోశాలకైనా డబ్బు పంపే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఈ అవసరం ఉందని చెప్పింది ఎవరు? అక్కడివాళ్ళా, పోస్టర్ వేసినవాళ్ళా?
2. అక్కడ పనిచేసేది ఎవరు? కెమెరాలు వెళ్ళిపోయాక కూడా ఉంటారా?
3. లెక్కలు చూపిస్తారా?
4. పుచ్చుకునేవాళ్ళ ఆచారానికీ గౌరవానికీ చోటుందా?

నాలుగోది మర్చిపోవద్దు. నా ఉద్దేశంలో పాత్ర అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. పుచ్చుకునేవాళ్ళు తగినవాళ్ళా అని చూస్తాం, బాగానే ఉంది. వాళ్ళ మాట వినడానికి మనం తగినవాళ్ళమా అని కూడా చూసుకోవాలి.

మీరు ఇచ్చే సంస్థని ఈ నాలుగూ అడిగి చూడండి, ఏం చెప్పారో మాకూ చెప్పండి. వచ్చే పాఠంలో కలుద్దాం. శుభం!