విద్యార్థి నుంచి స్వతంత్ర వాస్తుశిల్పి దాకా

మీ ఊళ్లో కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఎవరెవరు పని చేస్తారో మీరు చూసే ఉంటారు. తాపీమేస్త్రీ, వడ్రంగి, కూలీలు, కాస్త డబ్బున్న చోట ఇంజనీరు. ఆర్కిటెక్టు కనిపించడం అరుదు. తెలుగులో ఆయన్ని వాస్తుశిల్పి అంటాం. ఈ మాట వినగానే చాలామందికి గుమ్మం ఏ దిక్కున ఉండాలో చెప్పే వాస్తు పండితుడు గుర్తుకు వస్తాడు. ఆయన వేరు, ఈయన వేరు. స్థలం, ఎండ, గాలి, వాన, ఖర్చు, అందులో ఉండబోయే మనుషుల అలవాట్లు లెక్కలోకి తీసుకొని కట్టడానికి రూపం ఇచ్చేవాడు ఆర్కిటెక్టు.

ఈ వృత్తిలో ఒక మనిషి ఎలా ఎదుగుతాడో బాలకృష్ణ దోషి జీవితం ద్వారా తెలుసుకొందాం.

1. చదువు, శిష్యరికం

దోషి 1927లో పుణెలో పుట్టారు. వారిది ఫర్నిచరు పని చేసే కుటుంబం. 1947లో బొంబాయిలోని జె.జె. స్కూల్లో ఆర్కిటెక్చరు చదువులో చేరారు. తర్వాత లండన్ వెళ్లారు. 1951లో ఇంగ్లండులో జరిగిన ఆధునిక వాస్తుశిల్పుల మహాసభలో చండీగఢ్ నగర ప్రణాళిక గురించి విన్నారు. ఆ నగరానికి రూపకల్పన చేస్తున్న లె కార్బూజియే దగ్గర పని నేర్చుకోవాలని పారిస్ చేరారు.

మొదటి ఎనిమిది నెలలు జీతం లేదు. ఫ్రెంచి భాషా అంతంత మాత్రమే. ఇలాంటి శిష్యరికాన్ని గొప్పగా చెప్పుకోవడం సులువు. కాని చేతిలో డబ్బు లేని విద్యార్థికి అది సాధ్యమా? ఈ దారిలోకి వచ్చేముందు మొదటి ఏళ్ల ఖర్చుల సంగతి ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

1954లో దోషి స్వదేశానికి తిరిగి వచ్చి, అహమ్మదాబాదులో గురువు రూపొందించిన కట్టడాల పనిని పర్యవేక్షించారు. మిల్లు యజమానుల సంఘ భవనం, సారాభాయి గృహం, షోధన్ గృహం అలాంటివి. మిల్లు సంఘ భవనం ముందు భాగంలో ఏటవాలుగా నిలబెట్టిన కాంక్రీటు పలకలు ఎండను ఆపి గాలిని రానిస్తాయి. పారిస్‌లో గీసిన గీత అహమ్మదాబాదు ఎండలో ఎలా నిలుస్తుందో పని చోటే తెలుస్తుంది.

2. సొంత కార్యాలయం

1956లో ఇద్దరు ఆర్కిటెక్టులను చేర్చుకొని "వాస్తుశిల్ప" అనే సొంత కార్యాలయం తెరిచారు. 1962లో అహమ్మదాబాదులో ఆర్కిటెక్చరు పాఠశాలను స్థాపించారు. అదే కాలంలో అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ భవనాల రూపకల్పనకు అమెరికా ఆర్కిటెక్టు లూయీ కాన్‌ను రప్పించి, ఆయనతో కలిసి పని చేశారు. పెద్ద పని వచ్చినప్పుడు మరొకరిని పిలవడం స్వతంత్ర వృత్తిలో ఉన్నవారికి అంత తేలిక కాదు. మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల కాలనీ కూడా దోషి రూపొందించినదే.

3. అరణ్య

పేదవారికి తగిన నివాసం కల్పించాలని దోషి 1954లోనే ప్రతిన పూనారు. అది పెద్దయెత్తున రూపం దాల్చడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఇండోరులోని అరణ్య కాలనీలో అతి పేద కుటుంబానికి పూర్తి ఇల్లు ఇవ్వలేదు. కొద్దిపాటి స్థలం, పునాది, మరుగుదొడ్డి, నీటి సదుపాయం ఇచ్చారు. మిగతా గదులను ఆ కుటుంబమే చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కట్టుకొంటుంది. ఎలా కట్టుకోవచ్చో చూపడానికి 80 నమూనా ఇళ్లు కట్టారు. ఈ కాలనీకి 1995లో ఆగాఖాన్ పురస్కారం లభించింది. 2018లో దోషి ప్రిట్జ్‌కర్ బహుమతి పొందారు. ఈ బహుమతి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 2023లో మరణించారు.

4. నేటి పద్ధతి

ఇంటర్మీడియట్‌లో గణితం చదివి, ప్రవేశ పరీక్ష రాసి, ఐదేళ్ల బి.ఆర్క్. కోర్సులో చేరాలి. అందులో కొంతకాలం ఒక ఆఫీసులో పని నేర్చుకోవాలి. పట్టా వచ్చాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, నమోదు కానివారు తమను ఆర్కిటెక్టు అని చెప్పుకోరాదు.

పాఠంలోని ప్రశ్నలు

1. వాస్తు పండితుడికీ ఆర్కిటెక్టుకూ తేడా ఏమిటి?
2. అరణ్యలో పేద కుటుంబాలకు పూర్తి ఇల్లు ఎందుకు కట్టి ఇవ్వలేదని మీరు అనుకొంటున్నారు? అది సరైనదేనా?
3. మీ ఇంటి పటం గీయండి. మధ్యాహ్నం ఎండ ఏ గదిలో పడుతుందో గుర్తించండి.