పెట్టడం వేరు, అడగడం వేరు

జావాస్క్రిప్ట్‌లో చిన్న ఆటలు రాయడం నేర్చుకునే పిల్లలకు మేము ముందుగా చెప్పేది: లెక్కల్లోని ‘సమానం’ గుర్తు ఇక్కడ ‘పెట్టు’ అనే ఆజ్ఞ. ప్రాణాలు = 3 అంటే ఆ పేరుగల డబ్బాలో 3 పెట్టమని. ప్రాణాలు == 0 అంటే అందులో ఉన్నది సున్నాయేనా అని అడగడం.

అడగాల్సిన చోట ఇఫ్ (ప్రాణాలు = 0) అని రాస్తే, మూడున్నా సున్నా అయిపోతుంది. ఆ సున్నాను కంప్యూటర్ ‘కాదు’గా తీసుకుంటుంది కనుక ‘ఆట ముగిసింది’ అన్న వరుస నడవదు. ప్రాణాలు లేకున్నా ఆట సాగుతుంది. పైథాన్, లువా ఇలాంటి షరతును అక్కడే తిరస్కరిస్తాయి.

ఇది పిల్లల ఆటతో పోయేది కాదు. 2003లో లినక్స్ కెర్నల్ కోడ్ నకలులో ఇదే కిటుకుతో ఎవరో దొంగదారి పెట్టబోతే, సకాలంలో పట్టుకున్నారు. అందుకే ప్రతి షరతునూ పైకి చదివిస్తాం: పెడుతున్నామా, అడుగుతున్నామా?